2048 లాంటి ఆటను సొంతంగా తయారు చేయడం ఎలా?

పేరున్న ఆటను చూసి అలాంటిదే ఇంకోటి రాయడం ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకు చక్కని సాధన. అందుకు 2048 బాగా సరిపోతుంది. పలక మీద అంకెల గడులను నాలుగు దిక్కులా నెడుతూ, ఒకే అంకె ఉన్న రెంటిని కలుపుతూ 2048 గడిని చేరడమే ఈ ఆట. అసలు అదే ఒక అనుకరణ. 2014 ఫిబ్రవరిలో త్రీస్ అనే ఆట వచ్చింది. దాన్ని చూసి 1024 పుట్టింది. ఆ వెంటనే మార్చిలో ఇటలీకి చెందిన 19 ఏళ్ల గాబ్రియెలే చిరుల్లి 2048 రాసి, కోడ్‌ను ఎంఐటీ లైసెన్స్ కింద అందరికీ ఉచితంగా ఇచ్చారు. లైసెన్స్ నోటీసు తీసేయకుండా ఉంటే ఆ కోడ్ దించుకుని మార్చుకోవచ్చు. కానీ పని చేతికి రావాలంటే ఖాళీ ఫైలుతోనే మొదలుపెట్టాలి.

బ్రౌజరు, నోట్‌ప్యాడ్ లాంటి ఎడిటర్, జావాస్క్రిప్ట్‌లో అర్రేలు, ఫంక్షన్ల మీద కాస్త పట్టు ఉంటే చాలు. గేమ్ ఇంజిన్ అక్కర్లేదు. హెచ్‌టీఎంఎల్ ఫైలు ఒక్కటే సరిపోతుంది.

1. పలక

4 వరుసలు, వరుసకు 4 గడులు ఉండేలా ఒక అర్రే తయారు చేయండి. ఖాళీ గడికి 0 పెట్టండి. అంకెలన్నీ ఈ అర్రేలోనే ఉండాలి. స్క్రీన్ దాన్ని చూపించడానికి మాత్రమే. గడిలో కనిపించే అంకెను స్క్రీన్ మీద నుంచి చదివి కూడితే 2కి 2 కలిసి 4 కాదు, 22 అవుతుంది. స్క్రీన్ నుంచి వచ్చేది అంకె కాదు, అక్షరాల వరుస.

2. ఒక్క వరుసను ఎడమకు నెట్టడం

ఆట ప్రాణం ఇక్కడే ఉంది. తొందరపడకండి. ముందు వరుసలోని సున్నాలు తీసేయండి. తర్వాత ఎడమ నుంచి చూస్తూ పక్కపక్కన ఒకే అంకె రెండు ఉంటే కలిపి, ఆ రెంటినీ దాటి ముందుకు వెళ్లండి. చివర 4 గడులు నిండేదాకా సున్నాలు చేర్చండి.

ఎక్కువమంది తప్పేది "దాటి" అన్న మాట దగ్గరే. 2 2 4 0 ఎడమకు నెడితే 4 4 0 0 రావాలి. మీ కోడ్ 8 0 0 0 ఇస్తే, అప్పుడే కలిసిన 4 మళ్లీ పక్క 4తో కలిసిపోయినట్టు. ఒక కదలికలో ఒక గడి ఒక్కసారే కలవాలి. లేకపోతే ఆట మరీ తేలికై రుచి పోతుంది. ముందుకు వెళ్లే ముందు ఈ మూడూ సరిచూడండి:

- 2 2 2 2 నుంచి 4 4 0 0
- 4 2 2 0 నుంచి 4 4 0 0
- 2 0 0 2 నుంచి 4 0 0 0

కలిసి ఏర్పడిన అంకెను స్కోరుకు కలపండి.

3. మిగతా దిక్కులు

నాలుగు దిక్కులకు నాలుగు ఫంక్షన్లు రాయకండి. నాలుగు చోట్ల నాలుగు రకాల తప్పులు దొర్లుతాయి. కుడికైతే వరుసను తిప్పి, ఎడమకు నెట్టి, మళ్లీ తిప్పండి. పైకీ కిందికీ అయితే నిలువు వరుసలను అడ్డ వరుసలుగా మార్చి అదే ఫంక్షన్ వాడండి. 2 2 2 0 కుడికి నెడితే 0 0 2 4 రావాలి. 0 0 4 2 వచ్చిందంటే మొదట తిప్పకుండానే కలిపారు.

4. కొత్త గడి

ఆట రెండు గడులతో మొదలవుతుంది. ప్రతి కదలిక తర్వాత ఒక ఖాళీలో కొత్తది వస్తుంది. పదింట తొమ్మిది వంతులు 2, ఒక వంతు 4. పలక మారకపోతే కొత్త గడి రాకూడదు. ఇందుకు పాత పలకను దాచి కొత్తదాంతో పోల్చాలి. అర్రేను ఇంకో పేరుకు సమానం అని రాస్తే నకలు తయారు కాదు, రెండు పేర్లూ ఒకే పలకను చూపిస్తాయి. దాంతో "ఏమీ మారలేదు" అనే వస్తుంది, కొత్త గడులు ఆగిపోతాయి. వరుసవరుసనూ విడిగా నకలు తీయండి.

5. ఆట ముగింపు

16 గడులూ నిండగానే ఓడినట్టు కాదు. ప్రతి గడినీ దాని కుడి గడితో, కింది గడితో పోల్చండి. మొత్తం 24 జతలు. ఒక్కటీ కలవకపోతేనే ఆట ముగిసినట్టు.

6. మీ సొంత రూపం

ఆట నియమాలకు కాపీరైట్ ఉండదు, వాటికి తొడిగిన రూపానికి ఉంటుంది. 2012లో టెట్రిస్‌ను అనుకరించిన మినో ఆట కేసులో అమెరికాలోని న్యూజెర్సీ ఫెడరల్ కోర్టు ఈ గీతే గీసింది. నియమాలే తీసుకున్నామని మినో తయారీదారులు వాదించినా, ముక్కల ఆకారాలు, 10 గడుల వెడల్పు 20 గడుల ఎత్తు పలక వంటివి అచ్చంగా దించేశారని వాళ్లు ఓడిపోయారు. కాబట్టి పేరు, రంగులు, శబ్దాలు మీవే ఉండాలి.

అంకెలకు బదులు మన అచ్చులు పెట్టి చూడండి. రెండు అ కలిస్తే ఆ, రెండు ఆ కలిస్తే ఇ. అర్రేలో అంకెలే ఉంటాయి, చూపించేటప్పుడు మాత్రం అక్షరం. ౠ వదిలేస్తే 2048 స్థానంలో పదకొండో అక్షరం ఒ వస్తుంది. జాబితాను అక్కడే ఆపకండి. ఆపితే, గెలిచాక కూడా ఆడేవాళ్లకు ఖాళీ గడో, అన్‌డిఫైన్డ్ అనో కనిపిస్తుంది. ఈ పలక మీద సాధ్యమయ్యే అతి పెద్ద గడి 1,31,072. అంటే పదిహేడో అక్షరం. ఔ తర్వాత అం, అః, క, ఖ దాకా రాసుకుంటే సరిపోతుంది.

ఫైలును యూటీఎఫ్-8 (UTF-8) అనే అక్షర సంకేత పద్ధతిలో సేవ్ చేసి, పేజీ తలభాగంలో కూడా ఆ మాట రాయండి. లేకపోతే అక్షరాల చోట పిచ్చి గుర్తులు వస్తాయి. సీఎస్ఎస్‌లో లైన్ హైట్ (line-height) 1.4 దాకా పెంచండి. లేకుంటే ఈ, ఓ లాంటి వాటి పైభాగాలు తెగే ప్రమాదముంది.

7. ఫోన్‌లో ఆడించడం

వేలు ఆనిన చోటు, తీసిన చోటు గుర్తుపెట్టుకుని తేడా లెక్కించండి. అడ్డం తేడా ఎక్కువైతే కుడి లేదా ఎడమ, నిలువు ఎక్కువైతే పైకి లేదా కిందికి. 30 పిక్సెళ్ల లోపు కదలికను పట్టించుకోకండి. ఊరికే తాకినా గడులు జరిగిపోతే ఆడేవాళ్లకు చిరాకు. కిందికి లాగినప్పుడు పేజీ రీఫ్రెష్ అయి ఆట పోతుంటే, పలకకు సీఎస్ఎస్‌లో టచ్ యాక్షన్‌ను నన్ (touch-action: none) అని పెట్టండి. కంప్యూటర్‌లో బాణం మీటలు నొక్కినప్పుడు పేజీ జరగకుండా ప్రివెంట్ డిఫాల్ట్ (preventDefault) ఫంక్షన్‌ను పిలవండి.