పాత జెన్‌లో గేరు లివర్ వదులైతే: గేర్‌బాక్స్ దించే ముందు చేయవలసిన పని

1993 నుంచి 2006 వరకు తయారైన మారుతి జెన్‌ను కాగితం మీద ఎవరూ స్పోర్ట్స్ కారు అనలేదు. అయినా తక్కువ బరువు, హుషారుగా తిరిగే 993 సీసీ ఇంజను, చేతికి చక్కగా అందే అయిదు గేర్ల వల్ల నడపడంలో ఆనందం వెతుక్కునేవారికి మన దగ్గర అదే స్పోర్ట్స్ కారైంది. 2003లో కొద్ది సంఖ్యలో వచ్చిన మూడు తలుపుల కార్బన్, స్టీల్ రకాలకైతే ఇప్పటికీ మోజు తగ్గలేదు. ఏపీ 36 నంబరు పలకతో హన్మకొండ, కాజీపేట వీధుల్లో తిరుగుతున్న పాత జెన్‌లలో తరచుగా కనిపించే లోపం ఒకటుంది. న్యూట్రల్‌లో ఉన్నప్పుడు లివర్ ఎటు పడితే అటు ఊగుతుంది, మూడో గేరు అనుకుని వేస్తే అయిదో గేరు పడుతుంది, రివర్స్ కోసం రెండు మూడు సార్లు వెతుక్కోవలసి వస్తుంది. ఈ లక్షణాలు చెప్పగానే గేర్‌బాక్స్ దించాలనే సలహా వినిపించవచ్చు. చాలాసార్లు అంత అవసరం ఉండదు. అరిగిపోయేది కారు కింద ఉండే లింకేజీ బుష్షులే, అంటే లివర్‌ను గేర్‌బాక్స్‌తో కలిపే రాడ్ల అతుకుల్లో ఉండే మెత్తటి తొడుగులే.

ముందుగా ఈ అమరిక ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి. లివర్ అడుగు భాగం నుంచి గేర్‌బాక్స్ దాకా రెండు రాడ్లు వెళతాయి. ఒకటి షిఫ్ట్ రాడ్డు: లివర్‌ను ముందుకూ వెనక్కూ కదిపితే అది జరుగుతుంది, పక్కలకు కదిపితే తన చుట్టూ తాను తిరుగుతుంది, ఏ గేరు పడాలన్నది ఈ రెండు కదలికలే నిర్ణయిస్తాయి. రెండోది ఎక్స్‌టెన్షన్ రాడ్డు. ఇది గేర్లను మార్చదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజను, గేర్‌బాక్స్ కలిసి తమ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతాయి కాబట్టి, లివర్ అడుగు భాగం కూడా వాటితోపాటే కదిలేలా ఇది పట్టి ఉంచుతుంది. ఈ రాడ్డు బుష్షు చీలితే గేరు పట్టు వదలడం, లివర్ అదరడం మొదలవుతాయి. అందుకే షిఫ్ట్ రాడ్డు బుష్షులు మాత్రమే మార్చి దీన్ని వదిలేయడం సగం పని కిందే లెక్క.

పానా పట్టే ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి. ఇంజను ఆపి, క్లచ్ తొక్కి, గేర్లన్నీ ఒక్కొక్కటిగా వేసి చూడండి. కారు నిలిచి ఉన్నప్పుడు పళ్లు ఎదురెదురుగా ఆగి ఒక్కోసారి గేరు పడకపోవచ్చు. బండిని కొద్దిగా ముందుకు నెడితే పడుతుంది, అది లోపం కాదు. ఇంజను ఆపినప్పుడు సాఫీగా పడే గేర్లు స్టార్ట్ చేశాక గరగరమంటే లింకేజీని అనుమానించనక్కర లేదు, క్లచ్ పూర్తిగా వదలడం లేదన్నమాట. జెన్‌లో క్లచ్ కేబుల్‌తోనే పనిచేస్తుంది కాబట్టి ముందుగా దాని సర్దుబాటు, తీగ పోగులు తెగాయేమో చూడాలి. ఒకే ఒక్క గేరు మాత్రం బరువు మీద జారి బయటికి వస్తుంటే, మౌంటింగులూ ఎక్స్‌టెన్షన్ రాడ్డూ బాగానే ఉంటే, అప్పుడు లోపం గేర్‌బాక్స్ లోపలిది. అన్ని గేర్లలోనూ లివర్ వదులుగా ఉంటే మాత్రం కిందికి దూరి చూడవలసిందే.

ఇక్కడ జాగ్రత్త అవసరం. జెన్‌లో హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలనే పట్టుకుంటుంది. పని జరుగుతున్నంతసేపు గేర్లు మారుస్తూనే ఉంటాం కాబట్టి గేరు బండిని ఆపుతుందన్న ధీమా పనికిరాదు. చదునైన గచ్చు మీద కారు నిలిపి, వెనక చక్రాలకు ముందూ వెనకా బలమైన అడ్డు పెట్టి, ముందు భాగాన్ని జాకీతో లేపి, రెండు వైపులా ఉక్కు స్టాండ్లు పెట్టిన తరువాతే కిందికి వెళ్లాలి. జాకీ ఒక్కదాన్ని నమ్ముకోవద్దు, ఇటుకలు అసలే వద్దు. ఇటుక ముందు చెప్పి పగలదు. సైలెన్సర్ పైపు ఈ రాడ్లకు దగ్గరగానే వెళుతుంది కనుక ఇంజను ఆపి అది పూర్తిగా చల్లారే దాకా ఆగండి. రబ్బరు బుష్షులు త్వరగా గట్టిపడటంలో ఆ వేడికి కూడా వాటా ఉంది.

ఒకరిని సీట్లో కూర్చోబెట్టి లివర్‌ను మెల్లగా అటూ ఇటూ కదపమనండి. మీరు టార్చి పట్టుకుని లివర్ వైపు నుంచి గేర్‌బాక్స్ వైపుకు ఒక్కొక్క అతుకునూ చూస్తూ రండి. ఒక చోట బోల్టు కదులుతుంది కానీ దాన్ని పట్టుకున్న రాడ్డు కదలదు. కదలిక పోతున్నది అక్కడే. ఈ పరీక్షకు అయిదు నిమిషాలు కూడా పట్టదు, కానీ అనవసరపు ఖర్చును ఆపేది ఇదే.

విప్పే ముందు రాడ్లు ఎటు తిరిగి ఉన్నాయో పెయింటుతో గుర్తు పెట్టి, ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోవాలి. కారు లోపల నాబ్ తిప్పి తీసి, కన్సోల్ స్క్రూలు విప్పి, రబ్బరు బూటును పైకి లాగితే లివర్ అడుగు భాగం కనిపిస్తుంది. కింద తుప్పు పట్టిన బోల్టులకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచితే తెల్లవారి పని తేలికవుతుంది. గేర్‌బాక్స్ వైపు బోల్టు, లివర్ వైపు బోల్టు తీశాక షిఫ్ట్ రాడ్డు చేతికి వస్తుంది. ఎక్స్‌టెన్షన్ రాడ్డును ఆ తరువాత విప్పండి.

పాత బుష్షును చేతిలోకి తీసుకుని చూస్తే సంగతంతా తెలిసిపోతుంది. గోరు దిగవలసిన రబ్బరు ఎండిన చెప్పు అడుగులా బిగుసుకుపోయి ఉంటుంది. లోపలి అంచు ఒకవైపే అరిగి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. గ్రీజు ఉండవలసిన చోట ఎర్రటి మన్ను పేస్టులా పట్టి ఉంటుంది. మన చల్క నేలల దుమ్ము, కరీంనగర్ వైపు క్వారీ రోడ్ల గ్రానైట్ పొడి గ్రీజులో కలిస్తే అది ఇక గ్రీజు కాదు, సాన పట్టే మందు. బూటు చిరిగి ఉంటే బుష్షులతోపాటు దాన్నీ మార్చాలి, లేకపోతే కొత్తవీ అదే దారిన పోతాయి.

ఇనుప భాగాలను కిరోసిన్‌తో కడగవచ్చు కానీ రబ్బరుకు అది తగలకూడదు, తగిలితే ఉబ్బుతుంది. రబ్బరుకు సబ్బు నీళ్లు చాలు. తరువాత బోల్టులను పరిశీలించండి. నడుము దగ్గర గాడి పడిన బోల్టును మళ్లీ వాడితే కొత్త బుష్షు పెట్టినా వదులు పోదు. స్పీడ్ బ్రేకరుకు తగిలి రాడ్డు వంగిందేమో బల్లపరుపు గచ్చు మీద దొర్లించి చూడాలి. బుష్షులు, లివర్ బాల్ కూర్చునే కప్పు, స్ప్రింగు కలిపి గేరు లివర్ కిట్‌గా దొరుకుతాయి, విడిగా కొనడం కన్నా అదే మేలు. కిట్ దొరకనప్పుడు లేత్ మీద బుష్షు చేయించుకునేవారున్నారు. అలా చేయిస్తే నైలాన్‌తో చేయించండి. ఇత్తడి బుష్షు ఎక్కువ కాలం మన్నుతుందన్నది నిజమే గానీ, ఇంజను అదురు అంతా నేరుగా అరచేతికి వస్తుంది. నా మటుకు ఆ బేరం గిట్టుబాటు కాదు.

కొత్త బుష్షును సుత్తితో కొట్టి దించవద్దు. రబ్బరుకు సబ్బు నీళ్లు రాసి, సరిపోయే సాకెట్‌ను ఆనించి, వైస్‌లో పెట్టి నిదానంగా బిగిస్తే తిన్నగా దిగుతుంది. ప్లాస్టిక్ కప్పుకూ బాల్‌కూ లిథియం గ్రీజు పలుచగా రాయండి. ఎక్కువైతే బయటికి వచ్చి దుమ్మును పిలుస్తుంది. రాడ్లను గుర్తుల ప్రకారం అమర్చి బోల్టులన్నీ ముందు చేతితో మాత్రమే బిగించాలి. లివర్‌ను న్యూట్రల్‌లో ఉంచిన తరువాతే పానాతో చివరి బిగింపు ఇవ్వాలి. మెలితిరిగిన స్థితిలో బిగిస్తే రబ్బరు ఎప్పుడూ ఒక పక్కకే లాగుతూ తొందరగా చిరిగిపోతుంది. కిందే ఉన్నారు కాబట్టి షిఫ్ట్ రాడ్డు గేర్‌బాక్స్‌ను చేరే చోట నూనె చెమర్చిందేమో కూడా చూడండి. అక్కడి సీలు పోయి ఉంటే గేర్ ఆయిల్ మట్టం తగ్గి ఉండవచ్చు. ఆయిల్ పోయవలసి వస్తే జీఎల్-4 రకమే అడగండి. జీఎల్-5లో గంధకంతో కూడిన మందుల పాలు ఎక్కువ, గేరు మారేటప్పుడు వేగాలను సమం చేసే సింక్రో రింగుల్లోని ఇత్తడికి అవి మంచివి కావు.

కారు దించక ముందే గేర్లన్నీ వేసి, కన్సోల్ అంచుకు గానీ బూటుకు గానీ లివర్ తగలడం లేదని నిర్ధారించుకోవాలి. ఆ తరువాత ఖాళీ రోడ్డు మీద రెండు నుంచి మూడుకూ, నాలుగు నుంచి మూడుకూ పలుమార్లు మార్చి చూడండి. న్యూట్రల్‌లో వదిలిన లివర్ దానంతట అదే మూడు, నాలుగు గేర్ల వరుసలోకి వచ్చి ఆగితే స్ప్రింగు సరిగా కూర్చున్నట్టే. కొత్త రబ్బరు సర్దుకునే క్రమంలో బోల్టులు కాస్త వదులవుతాయి కాబట్టి, ములుగు, తాడ్వాయి వైపు ఒక దూర ప్రయాణం అయ్యాక మరోసారి కిందికి దూరి అన్నింటినీ పానాతో తడిమి చూడాలి.