కారులో పవర్ సీటు సర్దుకోవడం: ముందు కాళ్లు, తర్వాత వీపు

నల్గొండలో బయలుదేరి నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కినంక సీటు సర్దుకోవడం మొదలుపెట్టొద్దు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు నడిపే కారైతే సీటు ఎక్కడుందో బండి కదలకముందే చూసుకోవాలి. పవర్ సీటు, అంటే స్విచ్చు నొక్కితే మోటారుతో జరిగే సీటు, మెల్లగానే జరుగుతుంది, కానీ జరుగుతున్నంతసేపూ బ్రేకుకు, పాదానికి మధ్య దూరం మారుతూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఎదురుగా గేదె వస్తే పాదం సగం వరకే అందుతుంది.

చదునైన చోట ఆపి హ్యాండ్ బ్రేక్ వేయండి. ఆటోమేటిక్ బండైతే గేరు పార్క్‌లో పెట్టండి. స్విచ్చు ముట్టుకునే ముందు సీటు కింద, వెనక చూడాలి. నీళ్ల సీసా, ఛార్జర్ వైరు, వెనక కూర్చున్న పిల్లల పాదాలు: చాలా కార్లలో మోటారు వీటిలో దేన్నీ గుర్తుపట్టదు, అదే బలంతో నొక్కుతుంది. చాలా కార్లలో తాళంచెవి తీసేసినా పవర్ సీటు పనిచేస్తుంది కాబట్టి పిల్లల్ని ఒంటరిగా కారులో వదలొద్దు.

స్విచ్చులు ఎక్కువగా సీటుకు తలుపు వైపు ఉంటాయి. అడ్డంగా ఉన్నది కూర్చునే భాగానిది: ముందుకు వెనక్కి, పైకి కిందికి జరుపుతుంది. నిలువుగా ఉన్నది వీపు భాగానిది.

నడుము వెనక్కి ఆనించి కూర్చోండి. బ్రేకు పూర్తిగా తొక్కండి, క్లచ్ ఉంటే అదీ తొక్కండి. అడుగుదాకా తొక్కినా మోకాలు కొద్దిగా వంగే ఉండాలి. తర్వాత ఎత్తు: బానెట్ అవతల రోడ్డు కనిపించాలి, తలకూ పైకప్పుకూ మధ్య నాలుగు వేళ్లు పట్టాలి. ఎత్తు మార్చితే పెడల్ దూరం కూడా మారుతుంది, అందుకే ఇక్కడ మళ్లీ ఒకసారి బ్రేకు తొక్కి చూడాలి. చాలామంది వదిలేసేది ఇదే.

ఇప్పుడు వీపు. భుజాలు సీటుకు ఆనే ఉండగా చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. ఛాతీకి, స్టీరింగ్ మధ్యకు కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉండాలి, ఎందుకంటే ఎయిర్‌బ్యాగ్ రెప్పపాటులో విచ్చుకుంటుంది. పొట్టివాళ్లకు ఈ దూరం కుదరకపోతే సీటు వెనక్కి తోయకుండా వీపును కొంచెం వెనక్కి వాల్చి, స్టీరింగ్‌ను కిందికి దించండి. హెడ్‌రెస్ట్ పైఅంచు తల పైభాగానికి సమానంగా ఉండాలి. బెల్టు కడుపు మీద కాదు, తుంటి ఎముకల మీద ఉండాలి. అద్దాలు అన్నిటికంటే ఆఖర్న.

పక్క సీట్లో కూర్చున్నవాళ్లకు గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. విజయవాడ దాకా పోయేటప్పుడు సీటు పూర్తిగా వాల్చి పడుకుంటారు. గుద్దుకుంటే మనిషి బెల్టు కింది నుంచి ముందుకు జారిపోతాడు, బెల్టు పొట్ట మీదో మెడ మీదో పడుతుంది. పడుకోవాలంటే బండి ఆపాకే.

సీటు చివరిదాకా జరిగినంక స్విచ్చు నొక్కిపట్టొద్దు, మోటారు వేడెక్కుతుంది. మధ్యలో ఆగిపోతే బలవంతంగా నొక్కకుండా సీటు జరిగే పట్టాలపై ఏం ఇరుక్కుందో టార్చితో చూడండి. నాణెం, పెన్ను మూత, వడ్ల గింజలు, పొట్టు దుమ్ము దొరుకుతాయి. మిర్యాలగూడ మిల్లుల చుట్టుపక్కల తిరిగే బండ్లలో ఇది మామూలే. వ్యాక్యూమ్‌తో తీయండి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లున్న వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిని లాగొద్దు. పక్క ఎయిర్‌బ్యాగ్ సీటులోనే ఉన్న కారుకు మామూలు కవరు తొడిగితే అది సరిగా విచ్చుకోకపోవచ్చు, దానికోసం కుట్టిన కవరే కొనండి.

అస్సలు కదలకపోతే కొంచెంసేపు ఆగి మళ్లీ ప్రయత్నించండి, తర్వాత ఫ్యూజు చూడండి. పాత ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో అంతేది వేయాలి, ఎక్కువది వేస్తే వైరు కాలుతుంది. కొత్తదీ పోతే సీటు వైరు ఎక్కడో నలిగి ఉండొచ్చు, కారు ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి.