ప్రకటన రాయడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఎవరికోసం రాస్తున్నారో వారితోనే మాట్లాడండి

'ముసలివాళ్లు' అని రాయవద్దని గత పాఠంలో చెప్పాను. మీరు పంపిన అభ్యాసాల్లో చాలావరకు ఆ మాట కొట్టేసి 'పెద్దలు' అని పెట్టారు. విశాఖలోని ఎంవీపీ కాలనీలో 'పెద్దలకు ఉచిత కంటి పరీక్ష' అని కరపత్రం పంచితే ముప్పై ఏళ్లవారూ వరుసలో నిలబడతారు. టికెట్టు కిటికీ దగ్గర పెద్దలంటే పిల్లలు కానివారు, సభలో పెద్దలంటే వేదిక మీదివారు. అందుకే వయసు అంకెలో రాయండి: '60 ఏళ్లు నిండినవారికి'.

ఆ అంకె ఊహించి రాసేది కాదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 60. ఆదాయపు పన్నులో 60, ఆపైన 80. ఆయుష్మాన్ భారత్‌లో ఆదాయంతో నిమిత్తం లేకుండా చేరాలంటే 70. 2024 ఎన్నికల్లో ఇంటి నుంచి ఓటుకు 85. రైల్లో కింది బెర్తు కోటా మహిళలకు 45 ఏళ్లకే వర్తిస్తుంది. దానికి 'వృద్ధ మహిళలకు' అని శీర్షిక పెడితే నలభై ఆరేళ్ల ఆవిడ చదవనే చదవదు. వృద్ధాప్య పింఛను అన్నది పథకం పేరు, దాన్ని మార్చకండి.

నాకు ఒళ్లు మండే వాక్యం ఇది: 'మీ ఇంట్లోని వృద్ధులను శిబిరానికి తీసుకురండి.' చదువుతున్నది డెబ్బై ఏళ్ల ఆవిడే. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు మారి ఒక్కతే సింహాచలం వెళ్లివస్తుంది. ఆమెను ఎదురుగా నిలబెట్టి కొడుకుతో మాట్లాడతారా? తీసుకురండి, చూపించండి, కూర్చోబెట్టండి – ఈ క్రియలు కనిపిస్తే కలం ఆపండి. ముందు 'పూజ్యులైన' అని చేర్చినా ఆ క్రియ చేసే అవమానం పోదు. ఇలా రాయండి: '60 ఏళ్లు నిండినవారు ఆధార్ కార్డుతో రండి. కావాలంటే తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చు.' బ్యాంకులో 'తాతగారూ' అనడం కూడా నాకు నచ్చదు. అక్కడ ఆయన ఖాతాదారు.

తుఫాను హెచ్చరికలో వయసుతో పనే లేదు. 'వృద్ధులు, నిస్సహాయులు' అని ఒకే గాటన కట్టకండి. జాలరిపేటల్లో అరవై దాటినా వలలు బాగుచేసేవారు ఉంటారు. 'నడవడానికి సాయం కావలసినవారు ఫోన్ చేయండి' అంటే కాలు విరిగిన కుర్రవాడికీ సాయం అందుతుంది.

అభ్యాసం: ఒక ఆసుపత్రి, ఒక బ్యాంకు, ఒక గుడి దగ్గరున్న బోర్డులను ఉన్నదున్నట్టు రాసుకుని తిరగరాయండి. డెబ్బై దాటిన ఇద్దరికి విడివిడిగా చదివి వినిపించండి. వారు అభ్యంతరం చెప్పిన ప్రతి మాటకూ వారే సూచించిన మాట పక్కన రాసి పంపండి.