దండల పెళ్లిలో ప్రమాణం పలికించడం ఎలా?

పురోహితుడు లేకుండా, నలుగురి ముందు మాట ఇచ్చుకుని దండలు మార్చుకునే పెళ్లిళ్లు తెలుగునాట కొత్త కాదు. పెళ్లి తంతు అందరికీ అర్థమయ్యే భాషలో ఉండాలని హేతువాది, కవి త్రిపురనేని రామస్వామి చౌదరి దాన్ని తెలుగులో రాశారు, స్వయంగా పెళ్లిళ్లు జరిపించారు. నేనూ చాలా ఏళ్లుగా ఇలాంటి పెళ్లిళ్లు జరిపించే పెద్దమనిషిగా నిలబడుతున్నాను. స్టేజి, లైట్లు, భోజనాలు అన్నీ బాగా కుదిరి, ప్రమాణం ఒక్కటి ఎవరికీ వినపడకుండా పోయిన పెళ్లిళ్లు ఎన్నో చూశాను. చూసిన ప్రతిసారీ బాధేస్తుంది. ఈ పెళ్లిలో మంత్రం లేదు, హోమం లేదు. ఉన్నదల్లా ఆ మాటే.

1. ముందు చట్టం పని

తమిళనాడులో 1967లో హిందూ వివాహ చట్టానికి 7-ఏ సెక్షన్ చేర్చారు కాబట్టి అక్కడి హిందువులకు దండలు మార్చుకున్న పెళ్లీ చెల్లుతుంది. మన రెండు రాష్ట్రాల్లో ఆ సెక్షన్ లేదు. అందుకే మత తంతుతో పనిలేకుండా పెళ్లి చేసుకోనిచ్చే 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద చేసుకోండి. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలోని మ్యారేజ్ ఆఫీసర్‌కి నోటీసు ఇవ్వాలి. ఆ తర్వాత 30 రోజులు ఆగాలి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటికి వస్తుంది. అదనపు ఫీజు కడితే ఆఫీసర్‌ని, మరీ దూరం కాకపోతే, మీ మండపానికే రమ్మని కోరవచ్చు.

2. కావలసినవి

ముగ్గురు సాక్షులు, రెండు దండలు, ఒక మైకు, పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసిన ప్రమాణం రెండు కాపీలు. ఫోన్లో చూసి చదివించకండి.

3. ప్రమాణం రాయడం

చట్టం అడిగేది ఒక్క వాక్యమే. మ్యారేజ్ ఆఫీసర్, ముగ్గురు సాక్షులు వింటుండగా, ఇద్దరికీ అర్థమయ్యే ఏ భాషలోనైనా, ఒకరితో ఒకరు చెప్పుకోవాలి. నేను ఇలా రాస్తాను: "రవి అనే నేను, లత అనే నిన్ను, నా చట్టబద్ధమైన భార్యగా స్వీకరిస్తున్నాను." లత కూడా ఇదే వాక్యం 'భర్తగా' అని చెబుతుంది. దీని మాటల్ని మాత్రం ముందురోజే ఆఫీసర్‌కి చూపించండి.

దీని తర్వాత సొంత మాటలు మూడు వాక్యాలకు మించకూడదు. నెట్‌లో దొరికిన కవితలు వద్దు. "ఏడేడు జన్మలు" వద్దు. ఈ జన్మలో రేపటి నుంచి చేయగలిగింది రాయాలి: "నా సంపాదన ఎంతో నీ దగ్గర దాచను. నీ ఉద్యోగం సంగతి నీకు చెప్పకుండా నిర్ణయించను. మీ అమ్మానాన్నల్ని చూసుకునే బాధ్యత నీ ఒక్కదానిదే అనుకోను." అమ్మాయి కాపీలో ఆ చివరి వాక్యం "నీ ఒక్కడిదే" అని మారాలి. ఒకే కాగితం ఇద్దరికీ ఇస్తే సరిగ్గా అక్కడే తడబడతారు.

అబ్బాయి 'నువ్వు' అని, అమ్మాయి 'మీరు' అని చెప్పే ప్రమాణానికి నేను పెద్దమనిషిగా నిలబడను. ఇద్దరూ నువ్వు, లేదా ఇద్దరూ మీరు. ఇంట్లో ఎలా పిలుచుకుంటారో వాళ్లిష్టం. ప్రమాణంలో మాత్రం మాట సమానంగా ఉండాలి.

4. పలికించడం

ఇక్కడే ఎక్కువమంది పాడుచేస్తారు. ఈ భాగం నెమ్మదిగా చదవండి.

తెలుగులో వాక్యం బలమంతా చివర ఉంటుంది. "దాచను" అన్న మాటలో ఆ చివరి 'ను' మింగేస్తే ఇచ్చిన మాటే లేదు. టెన్షన్‌లో ఉన్న మనిషికి గొంతు తగ్గేది కూడా సరిగ్గా వాక్యం చివరే. పైగా "భార్యగా" అనగానే స్నేహితులు చప్పట్లు కొట్టేస్తారు. ఒక పెళ్లిలో అమ్మాయి "భర్తగా" అనేసరికి ఈలలు, పూలరేకులు మొదలయ్యాయి. ఆమె పెదాలు కదిలాయి, మాట వినపడలేదు. చేయెత్తి అందరినీ ఆపి మళ్లీ చెప్పించాను. రెండోసారి ఆ అమ్మాయి గొంతు ఎంత స్పష్టంగా పలికిందంటే, వెనక వరసలో కూర్చున్న వాళ్ల నాయనమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అందుకే వాక్యాన్ని ముక్కలు చేసి అందించాలి. "రవి అనే నేను" ఒక ముక్క. "లత అనే నిన్ను" ఒకటి. "నా చట్టబద్ధమైన భార్యగా" ఒకటి. "స్వీకరిస్తున్నాను" విడిగా, చివర. ఆ ఆఖరి ముక్కకు ముందు ఒక క్షణం ఆగండి, మీరు కూడా గొంతు పెంచి పలకండి. వాళ్లూ అదే స్థాయిలో అందుకుంటారు.

మధ్యలో "అనండి" అని చేర్చవద్దు. "స్వీకరిస్తున్నాను అనండి" అంటే, కంగారులో ఉన్న పెళ్లికొడుకు "స్వీకరిస్తున్నాను అనండి" అనే అంటాడు. హాలంతా నవ్వుతుంది, ఆ క్షణం మళ్లీ రాదు. పది నిమిషాల ముందు ఇద్దరినీ పక్కకు పిలిచి, మీరు అందించే ముక్కను అలాగే తిరిగి చెప్పమని ఒకసారి చెప్పించుకుంటే చాలు.

మీరు కాగితం వైపు చూడండి, వాళ్లను ఒకరి వైపు ఒకరు చూడమనండి. ఫొటోగ్రాఫర్ "ఇటు చూడండి సార్" అంటే ఆపండి. ఆ రెండు నిమిషాలూ కెమెరాలు స్టేజి కిందే ఉండాలని ముందే చెప్పాలి. కొందరు పెద్దలు ప్రమాణమంతా తామే చదివేసి "ఒప్పుకుంటున్నారా?" అని అడిగి తల ఊపించేస్తారు. మాట ఇవ్వాల్సింది పెళ్లి చేసుకునేవాళ్లు. వాళ్ల గొంతులు వినపడాలి, ముఖ్యంగా అమ్మాయిది.

5. దండలు, సంతకాలు

దండలు ప్రమాణం తర్వాతే. ముందు వేస్తే నిండు బంతిపూల దండ మైకుకి రాసుకుని గరగరమంటుంది, సగం మాటలు అందులోనే పోతాయి. తర్వాత ఆఫీసర్ సర్టిఫికెట్ మీద ఇద్దరి సంతకాలు, సాక్షుల సంతకాలు తీసుకుంటారు. చదివిన ప్రమాణం కాగితాలు రెండింటి మీదా వధూవరుల చేత సంతకం పెట్టించి, అక్కడికక్కడే ఎవరి కాపీ వాళ్లకు ఇచ్చేయండి. స్టేజి మీద వదిలేస్తే డెకరేషన్ వాళ్లు పూలతోపాటు ఊడ్చేస్తారు.