వసంత వలసలో తీరపక్షులను పరిశీలించే విధానం

తీరానికి బయలుదేరే ముందు ఆటుపోట్ల వేళలను చూసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. ఆటు సమయంలో బురదమేటల మీద చెదిరి మేసే పక్షులు, పోటు పెరిగేకొద్దీ ఒడ్డుకు దగ్గరగా గుంపుకడతాయి కనుక, పోటు నిండడానికి రెండు గంటల ముందే చేరుకుని, సూర్యుణ్ణి వీపు వెనుక ఉంచుకుని, కదలకుండా కూర్చోవాలి. 8×42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు పెద్దగా చూపే, 42 మి.మీ. ముందు కటకాలున్నది) చాలు. శీతాకాలంలో బూడిదరంగులో ఉండే కర్లూ శాండ్‌పైపర్ అనే చిన్న తీరపక్షి వసంతంలో ఇటుక ఎరుపుకు మారుతుంది. అయినా రంగును మాత్రమే నమ్మక, ముక్కు వంపునూ కాళ్ల పొడవునూ ముందుగా గమనించడం మేలు. రాత్రంతా ఎగిరి వచ్చే చిన్న పిట్టలు ఎదురుగాలికో వానకో చిక్కితే తెల్లవారేసరికి తీరంలోని పొదల్లో వాలిపోతాయి, అటువంటి ఉదయాన్ని వదులుకోకూడదు. జాతి, సంఖ్య, వేళ, గాలి దిశ అక్కడికక్కడే రాసుకోవాలి. పక్షులు మేత మాని తలలెత్తాయంటే వెంటనే వెనక్కి తగ్గాలి. దూరప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకుంటున్న వాటిని బెదరగొట్టడం అన్యాయం.