గోల్డ్‌సీ ట్రైల్ దిగాలంటే ముందు చేతుల్ని కాపాడుకోండి

ఇటలీ ఆల్ప్స్‌లో స్టెల్వియో కనుమ 2757 మీటర్ల ఎత్తున ఉంది. ప్రాడ్ ఊరి నుంచి అక్కడికి 48 హెయిర్‌పిన్ మలుపులతో తారురోడ్డు వెళ్తుంది. సైకిల్ తొక్కేవాళ్లు చాలామంది ఆ రోడ్డు కోసమే వస్తారు. నాకు మాత్రం ఆ కనుమ దగ్గర మొదలై కొండవాలు పట్టుకుని సాగే సన్నటి కాలిబాట ఇష్టం. దాని పేరు గోల్డ్‌సీ ట్రైల్. ఎదురుగా 3905 మీటర్ల ఓర్ట్లర్ శిఖరం నిండా మంచుతో కనిపిస్తూనే ఉంటుంది.

సైకిల్ మీద ఈ దారిన దిగుతామనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఇక్కడ కాళ్ల కంటే ముందు చేతులు అలసిపోతాయి. బ్రేకు నొక్కే వేళ్లు, హ్యాండిల్ మీద బరువు మోసే ముంజేతులు మొండికేశాక ఎంత నేర్పున్నా లాభం లేదు. ఎలా ఎక్కాలి, ఏం మోయాలి, ఎక్కడ ఆగాలి అన్నవన్నీ ఆ లెక్కతోనే తేల్చుకోవాలి.

ముందు మీ స్థాయి చూసుకోండి. ఆల్ప్స్‌లో సింగిల్‌ట్రాక్ దారుల, అంటే ఒక్క సైకిల్ పట్టేంత సన్నటి బాటల కష్టాన్ని ఎస్0 (అన్నిటికన్నా సులువు) నుంచి ఎస్5 వరకు కొలుస్తారు. గోల్డ్‌సీ చాలావరకు ఎస్2, కొన్నిచోట్ల ఎస్3. ఎస్2 అంటే కదిలే రాళ్లు, మెట్లు, ఇరుకు మలుపులు. ఎస్3లో పెద్ద బండరాళ్లు వస్తాయి, మలుపులు మరీ బిగుసుకుంటాయి. ఈ కొలత దారి కష్టాన్నే చెబుతుంది, పక్కనున్న లోయ గురించి ఏమీ చెప్పదు. మైదానంలో సులువుగా దాటే రాయే, పక్కన నిట్టనిలువు వాలు కనిపిస్తే ఒళ్లు బిగుసుకుపోయేలా చేస్తుంది. అందుకే లోయ అంచున నా స్థాయిని ఒక మెట్టు తగ్గించి లెక్కేసుకుంటాను. ఎస్2 దారిలో అనుకున్న చోట, అనుకున్న క్షణంలో ఆగగలిగేవాళ్లే ఇక్కడికి రావాలని నా ఉద్దేశం.

జులై మధ్య నుంచి సెప్టెంబరు వరకు మంచి కాలం. అంతకుముందు వెళ్తే నీడ పడే వాలుల్లో మంచు గట్టిపడి ఉండొచ్చు. వేసవి మధ్యాహ్నాల్లో పిడుగులు పడతాయి కాబట్టి ఉదయాన్నే బయల్దేరాలి. పగటి వేళ ఈ దారి నడిచేవాళ్లది. సైకిళ్లను ఏ గంటల్లో రానిస్తారో ముందే తెలుసుకుని, పైనున్న బోర్డు కూడా చదివాకే కదలండి.

ప్రాడ్ నుంచి తొక్కుకుంటూ వస్తే దాదాపు 1850 మీటర్లు ఎక్కాలి. మొదటిసారి వచ్చేవాళ్లు సైకిల్‌ను వ్యాన్‌లో ఎక్కించుకుని కనుమ దాకా రండి. అందులో చిన్నతనం ఏమీ లేదు, ఆ ఓపిక దిగేటప్పుడు కావాలి. కనుమ నుంచి 2843 మీటర్ల డ్రైస్ప్రాఖెన్‌స్పిట్సె శిఖరం దాకా సైకిల్‌ను తోసుకుంటూ, కొంచెం మోసుకుంటూ వెళ్లాలి. ఇటాలియన్, జర్మన్, రోమాన్ష్ భాషల ప్రాంతాలు కలిసే చోటు అది. మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల రాళ్లు ఇంకా ఉన్నాయి, వాటిని కదపకండి. మోసేటప్పుడు ఫ్రేమ్ కింది గొట్టం మెడ వెనక బ్యాగు మీద ఆనాలి. ఒక చేత్తో ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే భాగం), మరో చేత్తో పెడల్ పట్టుకోండి. ముందు చక్రం కొండకు తగిలితే మనిషిని లోయవైపు నెట్టేస్తుంది, జాగ్రత్త.

దిగే ముందు పది నిమిషాలు ఆగండి. సీటు పూర్తిగా దించండి. బ్రేకు లివర్ చూపుడు వేలికి తేలిగ్గా అందాలి, మిగతా వేళ్లు హ్యాండిల్‌నే పట్టుకోవాలి. బ్రేకు ప్యాడ్లు అరిగి ఉంటే కింద ఊళ్లోనే మార్చుకుని రావాల్సింది. ఇక్కడ ఇంకేం చేయలేం. మోకాలి ప్యాడ్లు, గ్లవ్స్, గాలి ఆపే జాకెట్ వేసుకోండి. చలికి వేళ్లు మొద్దుబారితే బ్రేకు ఎంత పట్టిందో తెలియదు.

బ్రేకు వాడే తీరులోనే సగం నేర్పు ఉంది. భయం వేసినప్పుడు కొద్దికొద్దిగా నొక్కి ఉంచాలనిపిస్తుంది. అలా చేస్తే బ్రేకు డిస్కులు కాలిపోతాయి, ముంజేతులు రాళ్లవుతాయి. నేల గట్టిగా ఉన్నచోట బలంగా నొక్కి వేగం తగ్గించుకోండి, రాళ్ల గుంపు రాగానే వదిలి చక్రాలను తిరగనివ్వండి. మడమలు కిందికి దించి ఉంచితే బరువు పాదాల మీదికి పోతుంది, చేతులు తేలికవుతాయి. మాడిన వాసన వచ్చినా, లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తున్నా వెంటనే ఆగి చల్లారనివ్వండి. నీళ్లు పోయకండి, వేడి డిస్క్ వంకరపోవచ్చు.

ఇక ఇరుకు హెయిర్‌పిన్. వేగమంతా మలుపుకు ముందే చంపేయాలి. బయటి అంచు నుంచి లోపలికి రండి, చూపు రాయి మీద కాకుండా మలుపు దాటాక వచ్చే దారి మీద పెట్టండి. ఎటు చూస్తే సైకిల్ అటే పోతుంది. అయినా చాలకపోతే ముందు బ్రేకు మెల్లగా బిగించి, బరువు ముందుకు జరిపి, వెనక చక్రాన్ని కాస్త లేపి, నడుముతో బయటివైపు తిప్పి దించాలి. దీన్ని గడ్డి వాలు మీద బాగా సాధన చేశాకే ఇక్కడ వాడండి. వెనక చక్రాన్ని బిగించి జార్చడం మాత్రం వద్దు. దారి కోసుకుపోతుంది, తర్వాతి వానకు అదే కాలువవుతుంది. సందేహం ఉంటే దిగి, సైకిల్‌ను లోయవైపు ఉంచి, మీరు కొండవైపు నడవండి.

నడిచేవాళ్లు ఎదురైతే పూర్తిగా ఆగి పలకరించండి, దారి వాళ్లదే. ప్రమాదం జరిగితే అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే నిమిషంలో ఆరుసార్లు ఈల వేయండి లేదా లైట్ చూపండి, ఒక నిమిషం ఆగి మళ్లీ మొదలుపెట్టండి.

దారిలో ఉన్న కొండ విడిది ఫుర్కెల్ హట్ చేరాక సైకిల్ పక్కన పెట్టి ఏమైనా తినండి. తర్వాత పిడికిలి గట్టిగా బిగించి విప్పి చూడండి. వేళ్లు చురుగ్గా కదిలితే కింది సింగిల్‌ట్రాక్‌కు వెళ్లొచ్చు. వణుకుతున్నా, లాగుతున్నా వెడల్పాటి అడవి రోడ్డున ట్రఫోయి ఊరికి దిగిపోండి.