కోనోకార్పస్ తీసేసి తంగేడు, వావిలి పెట్టాం

మేం కొనేసరికే మా స్థలం ప్రహరీ పొడుగునా కోనోకార్పస్ చెట్ల వరుస ఉంది. ఏడాదంతా పచ్చగా ఉంటుంది, కాదనను. కానీ వేర్లు డ్రైనేజీ పైపులోకి దూరి, వాన పడితే చాలు నీళ్లు ఎగదన్నేవి. కొట్టేస్తే మోడు నుంచి మళ్లీ చిగుళ్లు వచ్చాయి. చివరికి మొద్దుల్ని వేళ్లతో సహా పెళ్లగించాకే పీడ వదిలింది.

బదులుగా ఏం పెట్టాలి? మాది మహబూబ్‌నగర్ వైపు చెలక (ఎర్ర ఇసుక) నేల, పైగా మేకల బెడద. ఊరి గట్ల మీద మేకలు ముట్టకుండా మిగిలినవేవో చూస్తే జవాబు అక్కడే దొరికింది: తంగేడు, వావిలి. వావిలితో పేచీ లేదు. తొలకరికి పెన్సిల్ లావు ముదురు కొమ్మలు గుచ్చితే నాటుకున్నాయి.

తంగేడు గింజలే సతాయించాయి. పైతొక్క గట్టిది, నీళ్లు లోపలికి దిగవు. మరిగించి దించిన నీళ్లలో వేసి, రాత్రంతా అలాగే ఉంచి, ఉబ్బినవి మాత్రమే విత్తాను. ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద కాస్త రుద్ది మళ్లీ నానబెట్టాను. రేల గింజలకీ ఇదే పద్ధతి. తంగేడు తల్లివేరు లోతుకు దిగుతుంది కాబట్టి, కవర్లలో పెంచడం కంటే నేరుగా గుంటలో విత్తడమే మేలు.

నీడకి ఓ మూలన కానుగ పెట్టాం, పైపుకి బాగా దూరంగా. దాని వేర్లూ తక్కువేం కాదు మరి! మొదటి ఎండాకాలం నీళ్లు పోశాం, ఇప్పుడు వానే దిక్కు. బతుకమ్మ పండగకి పక్కింటివాళ్లు తంగేడు పూలు అడక్కుండానే కోసుకెళ్తున్నారు.